షెల్టర్ నుంచి కుక్కని తెచ్చుకోవచ్చా? తెచ్చుకోండి, కానీ పిల్లని మాత్రం వద్దు

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదండి. పటమటలో అద్దె ఫ్లాట్, మూడో అంతస్తు, మీరిద్దరూ పొద్దున వెళ్తే సాయంత్రానికే వస్తారు, ఇంట్లో అత్తగారు, ఆరేళ్ళ పాప. పాప ఏడాది నుంచి కుక్క కావాలని గొడవ చేస్తోంది. పదిహేను వేలు పెట్టి ల్యాబ్ (లాబ్రడార్) పిల్లని కొనాలా, లేకపోతే షెల్టర్ నుంచి నాటు పిల్లని తెచ్చుకోవాలా అని ఒక ప్రశ్న, షెల్టర్ కుక్కలకి జబ్బులుంటాయి, కరుస్తాయి అని చుట్టాలు అంటున్నారు నిజమేనా అని ఇంకో ప్రశ్న.

ముందు జవాబు చెప్పేస్తాను, ఎందుకో తర్వాత వివరంగా రాస్తాను. షెల్టర్ నుంచే తెచ్చుకోండి, కానీ పిల్లని తేకండి. రెండు మూడేళ్ళ వయసుండి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయి, ఆ షెల్టర్‌లో కనీసం మూడు నాలుగు నెలల నుంచి ఉంటున్న ఆడకుక్కని తెచ్చుకోండి. అది కూడా ఫోటో చూసి ముచ్చటపడి ఆ రోజే తెచ్చేయడం కాదు, ఒక మూడు సార్లు వెళ్ళి చూసుకుని తెచ్చుకోండి.

నేను పదకొండేళ్ళ నుంచి బెజవాడ బయట ఒక చిన్న షెల్టర్‌లో ఆదివారాలు పనిచేస్తున్నాను. కుక్కని ఇచ్చేముందు వాళ్ళ ఇల్లు చూసి రావడం, ఇచ్చాక నెల రోజులపాటు ఫోన్ చేసి ఎలా ఉందో కనుక్కోవడం నా పని. తీసుకెళ్ళి మళ్ళీ తెచ్చి వదిలేసినవాళ్ళని చాలామందిని చూశాను, వాళ్ళందరూ చెడ్డవాళ్ళేం కాదు, పాపం చాలామంది ఏడుస్తూనే వదిలి వెళ్ళారు. కానీ అలా తిరిగొచ్చినవాటిల్లో ఎక్కువ శాతం, రెండు నెలల పిల్లగా ముద్దుగా వెళ్ళి ఏడెనిమిది నెలల వయసుకి సోఫా చింపేసి, ఫోన్ ఛార్జర్లు కొరికేసి, ఇంట్లో వాళ్ళ ఓపిక అయిపోయాక వచ్చినవే. ఆ వయసులో వచ్చిన దాన్ని మళ్ళీ ఎవరూ తీసుకోరు, పిల్లా కాదు పెద్దదీ కాదు, దానికి అప్పటికి నేర్పినదీ ఏమీ ఉండదు.

పిల్ల ఎందుకు వద్దంటున్నానో మీ ఇంటి లెక్కలోనే చెప్తాను. రెండు నెలల పిల్ల రెండు గంటలకోసారి ఉచ్చ పోస్తుంది, తిన్న పది నిమిషాలకి దొడ్డికి వెళ్తుంది, రాత్రి రెండింటికి లేచి ఏడుస్తుంది. మీరిద్దరూ ఆఫీసులో ఉంటే అదంతా తుడవాల్సింది మీ అత్తగారు. పోనీ కిందకి తీసుకెళ్ళి నేర్పిద్దామంటే కుదరదు, ఎందుకంటే చాలా జబ్బులకి కలిపి వేసే నైన్ ఇన్ వన్ టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి మూడు నాలుగు వారాలకోసారి చొప్పున పదహారు వారాలు వచ్చేదాకా వేయాలి, ఆ కోర్సు పూర్తయ్యేవరకు దాన్ని రోడ్డు మీద వేరే కుక్కలు తిరిగేచోట దింపకూడదు. అంటే నాలుగో నెల దాకా అన్నీ మీ ఫ్లాట్‌లోనే.

ఇంకోటి మీ పాప. పిల్లకుక్కల పళ్ళు సూదుల్లా ఉంటాయి, ఆడుకుంటూనే కొరుకుతాయి, అది కోపం కాదు వాటి ఆట అంతే. కానీ రేబిస్ టీకా వేసేది మూడు నెలలు నిండాక. అంతకుముందు రోడ్డు మీద దొరికిన పిల్లని ఏ కుక్క కరిచిందో ఎవరికి తెలుసు? అలాంటి పిల్ల పాప చెయ్యి గీరితే మీరు ఆసుపత్రికి పరిగెత్తి టీకా వేయించాల్సిందే, తప్పదు. టీకాలు పూర్తయి కార్డు చేతిలో ఉన్న పెద్ద కుక్కతో ఈ కంగారు చాలావరకు ఉండదు.

గుంటూరు బ్రాడీపేటలో ఒక కుటుంబం, ఐదారేళ్ళ కిందటి మాట. నలభై ఐదు రోజుల పిల్లని తెచ్చుకున్నారు, మా దగ్గర నుంచి కాదులెండి, ఒక పార్కింగ్‌లో దొరికితే. ఒక్క డోసు వేయించారు. ఆరో రోజు పొద్దున పాలు ముట్టలేదు, సాయంత్రానికి వాంతులు, రాత్రికి నెత్తుటి విరేచనాలు, ఆ వాసన ఒకసారి చూసినవాళ్ళు జన్మలో మర్చిపోరు. పార్వో, పిల్లకుక్కల ప్రాణం తీసే వైరస్ జబ్బు. నాలుగు రోజులు పొద్దునా సాయంత్రం సెలైన్ ఎక్కించారు, ఆయన రోజూ స్కూటర్ మీద వాళ్ళావిడ ఒళ్ళో తువాలులో చుట్టి తీసుకెళ్ళేవాడు, ఐదో రోజు తెల్లారి పోయింది. నెల తిరక్కముందే ఆ ఇంట్లో పిల్లాడి ఏడుపు చూడలేక ఇంకో పిల్ల కావాలని నాకు ఫోన్ చేశారు. ఇవ్వనని చెప్పాను. పార్వో వైరస్ ఇంట్లో, మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది, ఫినాయిల్‌తో ఎన్నిసార్లు కడిగినా చావదు, బ్లీచింగ్ నీళ్ళు పోసి పది నిమిషాలు నాననిస్తేనే చస్తుంది. కొత్త పిల్లని తెస్తే అదీ అలాగే పోయేది. బదులుగా టీకాలన్నీ పూర్తయిన మూడేళ్ళ కుక్కని ఇచ్చాను, ముక్కు మీద మచ్చ ఉంటుంది, పేరు మల్లి. మొదట్లో ఆ పిల్లాడు దాని వంక కూడా చూడలేదు, వాడికి పోయిన పిల్లే గుర్తు. ఇప్పుడు వాడు ట్యూషన్‌కి వెళ్తే అది గేటు దగ్గర కూర్చుంటుంది.

ల్యాబ్ సంగతి. నాకు ల్యాబ్‌లంటే ద్వేషమేం లేదు, చాలా మంచి జాతి. కానీ రెండు పొరల బొచ్చున్న ఆ కుక్కని బెజవాడ మే నెలలో మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఉంచితే ఏసీ ఉండి తీరాలి, పగలంతా మీరు లేనప్పుడు కూడా. దానికితోడు ఒళ్ళు చేస్తుంది, కీళ్ళ నొప్పులొస్తాయి. ఇంకా ముఖ్యం, 2017లో వచ్చిన కేంద్రం రూల్స్ ప్రకారం ఎనిమిది వారాలలోపు పిల్లల్ని అమ్మకూడదు, పెంచి అమ్మేవాళ్ళకి రిజిస్ట్రేషన్ ఉండాలి. మీకు పదిహేను వేలకి ఇస్తానన్నవాళ్ళని ఆ రిజిస్ట్రేషన్ కాగితం, తల్లి కుక్కని చూపించమని అడగండి. చూపించకపోతే మీకే అర్థమవుతుంది. నెల రోజులకే తల్లి దగ్గర నుంచి లాక్కొచ్చిన పిల్లలు ఎంత గట్టిగా కొరకాలో ఎక్కడ ఆపాలో తోబుట్టువుల దగ్గర నేర్చుకోకుండానే వచ్చేస్తాయి, తర్వాత మీ ఇంట్లో నేర్చుకుంటాయి. మన నాటు కుక్క అయితే ఈ ఎండకి పుట్టింది, పొట్టి బొచ్చు, స్నానం నెలకోసారి చాలు, పద్దెనిమిది ఇరవై కిలోల దగ్గర ఆగిపోతుంది. ఒక్కటి మాత్రం దాచను, ఇవి కాపలా కుక్కలు, మెట్ల మీద అలికిడైనా మొరుగుతాయి. పక్క ఫ్లాట్ వాళ్ళతో ముందే ఒక మాట చెప్పి ఉంచండి.

ఇప్పుడు జబ్బుల సంగతి. షెల్టర్‌లో జబ్బులుండవని నేను చెప్పను. యాభై అరవై కుక్కలు ఒకచోట ఉంటే గజ్జి, నులిపురుగులు, గోమార్లు (ఒంటికి అతుక్కుని రక్తం పీల్చే పురుగులు) ఉంటాయి. వీటిల్లో గజ్జికి భయపడకండి, ఈ రోజుల్లో మాత్రలతో నెల రెండు నెలల్లో బొచ్చు మళ్ళీ వచ్చేస్తుంది. భయపడాల్సింది గోమార్ల జ్వరానికి. మన వైపు ఉక్కకి గోమార్లు ఏడాది పొడుగునా ఉంటాయి, అవి కుట్టినప్పుడు రక్తంలోకి క్రిములు ఎక్కిస్తాయి, కుక్క పైకి బాగానే ఉంటుంది, ఒక రోజు ఉన్నట్టుండి తిండి మానేస్తుంది, చిగుళ్ళు తెల్లబడతాయి, ఒక్కోసారి ముక్కులోంచి రక్తం కారుతుంది. త్వరగా పట్టుకుంటే నాలుగు వారాల మాత్రలతో తగ్గిపోయే జబ్బు, ఆలస్యమైతే ప్రాణం పోతుంది. అందుకే తెచ్చుకునే ముందే ఒకసారి రక్త పరీక్ష చేయించండి, ప్లేట్‌లెట్లు ఎన్నున్నాయో, గోమార్ల జ్వరం ఉందో లేదో తెలుస్తుంది. బయట డాక్టర్ల దగ్గర చేస్తారు, లేదంటే గన్నవరంలో ఎన్టీఆర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది, పొద్దున్నే వెళ్ళండి. ఈ ఖర్చు మీరు పెట్టుకుంటానంటే ఏ షెల్టర్ వాళ్ళూ కాదనరు. కాదన్నారంటే ఆ షెల్టర్ మీకొద్దు.

కార్డు చూసేటప్పుడు ఒక చిన్న కిటుకు. టీకా వేసిన ప్రతిసారీ డాక్టరు ఆ సీసా మీద ఉన్న చిన్న లేబుల్ పీకి కార్డులో అంటించి, తేదీ వేసి సంతకం పెడతాడు. లేబుల్ లేకుండా ఉత్త పెన్నుతో రాసిన తేదీల్ని నేను నమ్మను, మళ్ళీ వేయించేస్తాను. రేబిస్ టీకా ఇంకోసారి పడితే కుక్కకి నష్టం లేదు. తర్వాత ఏడాదికోసారి ఎలాగూ వేయించాలి కదా, జూలై 6న జూనోసిస్ డే (జంతువుల నుంచి మనుషులకొచ్చే జబ్బుల మీద జరిపే రోజు) నాడు ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు, ఆ తేదీ పెట్టుకుంటే మర్చిపోరు కూడా.

కరుస్తాయా అంటే, నోరున్న ఏ కుక్కయినా కరవగలదు, పదిహేను వేలదైనా అంతే. తేడా ఏంటంటే పెద్ద కుక్క స్వభావం ఏంటో ఇప్పటికే తేలిపోయి ఉంటుంది, అది తెలిసిన మనిషి షెల్టర్‌లో ఉంటాడు, అతన్ని మీరు పట్టుకోవాలి. పిల్లది పెద్దయ్యాక ఎలా ఉంటుందో దేవుడికే తెలియాలి.

ఆ తెలిసిన మనిషి ఎవరో చెప్తాను. ఆఫీసులో ఫారాలు నింపేవాళ్ళు కాదు, ఫోటోలు పెట్టే నాలాంటి ఆదివారం వాళ్ళూ కాదు, అన్నం వండి పెట్టే మనిషిని అడగండి. మా దగ్గర ఒక పెద్దాయన ఉన్నాడు, పొద్దున ఐదింటికి కట్టెల పొయ్యి వెలిగించి పెద్ద డేకిసాలో నూకలు, కోడి తలకాయలు, కాళ్ళు, కాస్త పసుపు వేసి ఉడికిస్తాడు. చల్లారాక బకెట్లలో తోడుకుని ఒక్కో గదికీ వెళ్తాడు. ఏది ముందు తింటుంది, ఏది పక్కదాన్ని తిననివ్వదు, ఏది ఆయన వెళ్ళిపోయాక గాని మూతి పెట్టదు, అన్నీ ఆయనకి తెలుసు. ఒకసారి సత్యనారాయణపురం నుంచి ఒక జంట వచ్చి చాలా నెమ్మదైన కుక్కని ఎంచుకున్నారు, అందరం బాగుంది అన్నాం, పెద్దాయన వచ్చి "అమ్మా, అది చీపురు చూస్తే చాలు నేలకి అతుక్కుపోద్ది, ఎవరో బాగా కొట్టారు దాన్ని, మీరు ఊడ్చేటప్పుడు కాస్త చూసుకోండి" అన్నాడు. మా ఎవరికీ తెలియని సంగతి అది. ఆవిడ ఇంటికెళ్ళాక ఊడ్చే ముందు దాన్ని బాల్కనీలోకి పంపి తలుపేసేది, రెండు నెలలకి అది చీపురు పక్కనే పడుకుంది. ఆ ఒక్క మాట చెప్పకపోయి ఉంటే మొదటి రోజే భయంతో కరిచేదేమో.

ఆయన్ని ఇవి అడగండి. తినేటప్పుడు గిన్నె దగ్గరికి మనిషి వెళ్తే ఏం చేస్తుంది? స్కూలు పిల్లలొచ్చినప్పుడు ముందుకొస్తుందా, వెనక్కి పోతుందా, బిగుసుకుపోతుందా? వెనక్కి పోయేది పర్లేదు, బిగుసుకుపోయేది మీ ఇంటికి వద్దు. హెల్మెట్ పెట్టుకున్న మగవాళ్ళని చూస్తే? ఒంటరిగా గదిలో పెడితే ఎంతసేపు అరుస్తుంది? ఎప్పుడైనా మెట్లు ఎక్కిందా? మీది మూడో అంతస్తు కాబట్టి ఇది చిన్న విషయం కాదండి, నేల మీదే పెరిగిన కుక్కలు మెట్లు చూసి నాలుగు కాళ్ళూ బిగబట్టి కూర్చుంటాయి, ఇరవై కిలోల దాన్ని మోసుకెళ్ళాలి.

మీరు వెళ్ళినప్పుడు నిలబడి చూడకండి, గేటు లోపల నేల మీద కూర్చోండి, కుక్కకి ఎదురుగా కాదు, కాస్త పక్కకి తిరిగి. చెయ్యి తల మీదికి చాపకండి, కళ్ళలోకి చూడకండి, ఊరికే కూర్చుని మీలో మీరు మాట్లాడుకోండి. మీద పడి నాకేసేది అందరికీ నచ్చుతుంది, కానీ నేనైతే ఒక ఐదు నిమిషాలు దూరం నుంచి చూసి, చుట్టూ తిరిగి వెనకనుంచి వచ్చి మోచెయ్యి వాసన చూసి, వెళ్ళిపోయి మళ్ళీ వచ్చేదాన్ని ఎంచుకుంటాను. అలాంటివి ఆలోచించుకుని అడుగేసే కుక్కలు, ఫ్లాట్‌లో బాగా ఇమిడిపోతాయి. అలవాటయ్యాక అక్కడి మనిషి సాయంతో పెదవి పైకెత్తి చిగుళ్ళు చూడండి, గులాబీ రంగులో ఉండాలి, వేలితో నొక్కి వదిలితే తెల్లబడి రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి. చెవిలో కుళ్ళిన వాసన ఉందేమో, కాలి వేళ్ళ సందుల్లో గోమార్లు ఉన్నాయేమో చూడండి, అవి అక్కడే దాక్కుంటాయి. చెవి కొన కత్తిరించి ఉంటే గాయం అనుకోకండి, ఆపరేషన్ అయిందని గుర్తు అది.

కుదిరితే మొదట ఫాస్టరింగ్ కింద, అంటే మీ ఇంట్లో ఉంచుకుని చూడటానికి, రెండు వారాలకి ఇమ్మని అడగండి. కుదరకపోతే వెనక్కి తీసుకుంటారు, ఎవరూ ఏమనుకోరు. ఇచ్చేటప్పుడు ఆధార్ జిరాక్స్, ఫోటో, ఇల్లు చూడటానికి రావడం, ఒక హామీ పత్రం ఇవన్నీ ఉంటాయి, విసుక్కోకండి. ఇల్లు చూడకుండా, ఏమీ అడక్కుండా చేతిలో పెట్టేస్తున్నారంటే దానికే అనుమానపడాలి. ఇంకొకటి గుర్తుపెట్టుకోండి, నచ్చకపోతే రోడ్డు మీద వదిలేయడం అనేది లేదు. వీధికుక్కల కేసులో 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆర్డర్‌లో కూడా దత్తత తీసుకున్న కుక్క మళ్ళీ వీధిలోకి రాకుండా చూసుకునే బాధ్యత తీసుకున్నవాళ్ళదే అని ఉంది. షెల్టర్‌కే తిరిగి ఇవ్వాలి, ఎన్నేళ్ళయినా సరే.

ఇంటి ఓనర్‌తో ముందే మాట్లాడి వాట్సాప్‌లో ఒక్క లైన్ అయినా ఒప్పుకున్నట్టు తీసుకోండి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్ళు పెంపుడు కుక్కలు వద్దని తీర్మానం చేసినా అది చెల్లదు, లిఫ్ట్ ఎక్కనివ్వం అనడమూ చెల్లదు, యానిమల్ వెల్ఫేర్ బోర్డు గైడ్‌లైన్స్ ఉన్నాయి. అయితే బెల్టు లేకుండా తిప్పకూడదు, కింద దొడ్డికి వెళ్తే ఎత్తాల్సింది మీరే. రూల్ చూపించి గొడవపడిన ఇళ్ళకంటే, మొదటి రోజే కాగితం కవరు చేతిలో పట్టుకుని దిగినవాళ్ళకే పొరుగువాళ్ళతో గొడవలు తక్కువ వచ్చాయి, ఇది నేను కళ్ళారా చూసింది. కార్పొరేషన్‌లో రిజిస్ట్రేషన్ కూడా చేయించేసుకోండి.

మొదటి రెండు వారాలు. అసలు అంతా ఇక్కడే ఉందండి, బాగా గుర్తుపెట్టుకోండి. తెచ్చేరోజు బయల్దేరే ముందు మూడు నాలుగు గంటలు ఏమీ పెట్టొద్దని చెప్పండి, కారైనా ఆటో అయినా వాంతి చేసుకుంటాయి. మెడ పట్టీ ఒకటి, ఛాతీకి వేసే హార్నెస్ ఒకటి, రెండూ వేసి రెండింటికీ తాడు కట్టండి, భయపడ్డ కుక్క మెడ పట్టీలోంచి తల వెనక్కి లాక్కుని ఒక్క క్షణంలో జారిపోతుంది. పట్టీ మీద మీ ఫోన్ నంబర్ రాయించండి. మొగల్రాజపురంలో ఒకరింట్లో రెండో రోజే, డెలివరీ అబ్బాయి బెల్ కొడితే తలుపు తీశారు, కాళ్ళ సందులోంచి దూసుకుపోయింది. మూడు రోజులు వెతికాం, రాత్రుళ్ళు టార్చి లైట్లు పట్టుకుని, చివరికి కొండ పక్కన ఒక కొత్త బిల్డింగ్ ఇసక గుట్ట మీద దొరికింది, నంబర్ చూసి వాచ్‌మన్ ఫోన్ చేశాడు. నెల రోజులపాటు మెయిన్ డోర్ తీసేముందు కుక్క ఎక్కడుందో చూడటం ఇంట్లో అందరికీ అలవాటు కావాలి, పాపకి కూడా.

మా షెల్టర్లలో మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఒక లెక్క చెప్తారు. మూడు రోజులు భయం తగ్గడానికి, మూడు వారాలు ఇంటి పద్ధతి తెలియడానికి, మూడు నెలలు ఇది నా ఇల్లు అని నమ్మడానికి. మొదటి మూడు రోజులు తినకపోయినా మంచం కింద దూరినా లాగకండి. నీళ్ళు దగ్గర పెట్టండి, మీ పని మీరు చేసుకోండి, చుట్టాల్ని పిలిచి చూపించకండి. నీళ్ళు కూడా ముట్టకపోతే, వాంతులైతే మాత్రం ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. మనం వేసుకునే జ్వరం మాత్రలు, నొప్పి మాత్రలు ఎప్పుడూ వేయకండి.

ఇప్పుడు మా ఇంట్లో ఉన్న కుక్క గంగ. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్ అంతా మునిగినప్పుడు ఒక మేడ మీద నుంచి పడవలో ఫ్లైఓవర్ దాకా తెచ్చారు దాన్ని, అప్పటికే రెండేళ్ళు ఉంటాయి. ఎవరిదో తెలియదు, ఎవరూ రాలేదు. డిసెంబర్‌లో నేనే ఇంటికి తెచ్చుకున్నాను. మూడు రోజులు చెప్పుల స్టాండ్ వెనక పడుకుంది, తోక పొట్ట కిందకి పెట్టేసి, అన్నం గిన్నె అక్కడికే జరిపితే రాత్రి లైట్లు ఆపాక తినేది, గిన్నె నాకుతున్న చప్పుడు నాకు మంచం మీదికి వినపడేది. నాలుగో రోజు పొద్దున కాఫీ పెట్టుకుంటుంటే వంటింటి గడప దగ్గరకొచ్చి కూర్చుంది. ఇప్పటికీ పైన ట్యాంక్ నిండి నీళ్ళు కారుతున్న చప్పుడైతే లేచి నిలబడుతుంది, నేను వెళ్ళి మోటర్ ఆపేదాకా కూర్చోదు. పెద్ద కుక్కలు మనకి అలవాటు పడవు, మచ్చిక కావు అనేవాళ్ళకి నేను దాన్ని చూపిస్తాను.

పాపకి నేర్పాల్సినవి కొన్నే, కానీ ఖచ్చితంగా నేర్పాలి. అది తింటున్నప్పుడు, పడుకున్నప్పుడు దగ్గరికి వెళ్ళకూడదు. మెడ చుట్టూ చేతులేసి కౌగిలించుకోకూడదు, మనకి అది ప్రేమ, దానికి ఉరి. తల పక్కకి తిప్పేసుకుంటున్నా, ఊరికే పెదాలు నాక్కుంటున్నా, కంటి పక్కన తెల్లగా కనిపిస్తున్నా అది నన్ను వదిలేయమంటోంది అని అర్థం, పాపకి ఆరేళ్ళు కదా ఆటలా నేర్పితే మనకంటే ముందే పట్టేస్తుంది. గుర్రుమంటే కుక్కని కొట్టకండి. గుర్రుమనడం అంటే అది మర్యాదగా చెప్పడం, దానికి కొడితే ఈసారి చెప్పకుండానే కరుస్తుంది. మొదటి నెలలో పాపనీ కుక్కనీ ఒక గదిలో పెద్దవాళ్ళు లేకుండా వదలకండి. గీత పడినా సరే సబ్బుతో, పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి తీసుకెళ్ళండి, కారం, పసుపు, సున్నం లాంటివి పెట్టకండి. ప్రభుత్వాసుపత్రిలో చర్మంలోకి ఇచ్చే టీకాలైతే మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకి ఇస్తారు, ఒక్కటి కూడా మానకూడదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక ఇక వైద్యం లేదు, ముందే ఆపుకోవాలి.

తిండి గురించి ఎక్కువ బెంగ వద్దు. మొదటి వారం షెల్టర్‌లో ఏం తిన్నదో అదే, ఎముకలు మాత్రం లేకుండా పెట్టండి, తర్వాత మెల్లగా మార్చండి. అన్నం, ఉడికించిన చికెన్ లేదా గుడ్డు, కాస్త గుమ్మడికాయో క్యారెట్టో, ఉప్పు లేకుండా. పెరుగన్నం వేసవిలో బాగా తింటాయి. మిగిలిన కూరలు, సాంబార్ అన్నం పెట్టకండి, ఉల్లిపాయ, వెల్లుల్లి వాటి రక్తాన్ని పాడుచేస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ అసలు వద్దు. ఉడికిన ఎముకలు చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి, బిర్యానీ రోజున ముఖ్యంగా చూసుకోండి. తిండి, గోమార్ల మాత్ర, టీకాలు అన్నీ కలిపి నాకు నెలకి రెండున్నర నుంచి మూడు వేలు అవుతోంది, జబ్బు చేసిన నెలలో ఎక్కువ. పక్కన ఒక పదివేలు డాక్టర్ ఖర్చుకని వేరే పెట్టుకోండి.

ఎండాకాలం పొద్దున ఆరులోపు, రాత్రి ఏడున్నర తర్వాతే కిందకి దించండి. రోడ్డు మీద మీ చెయ్యి వెనక్కి తిప్పి ఏడు సెకన్లు ఆనించి చూడండి, మీకు కాలితే దాని పాదాలకీ కాలుతుంది.

ఇక మీ అత్తగారి సంగతి, మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు కానీ నాకు అదే పెద్ద విషయం. పగలంతా ఆ కుక్కతో ఉండేది ఆవిడ. ఆవిడ ఒప్పుకోకపోతే తేకండి. సర్దుకుంటుందిలే అనుకుని తెచ్చినవాళ్ళ కుక్కలే రెండో వారంలో తిరిగొస్తాయి. ఆవిడ అభ్యంతరం ఏంటో కూర్చుని అడగండి, భయమా, మడా, తుడవాల్సి వస్తుందనా? భయమైతే రెండోసారి వెళ్ళేటప్పుడు ఆవిణ్ణి కూడా తీసుకెళ్ళండి. మడి అయితే వంటిల్లు, పూజగది గడపలకి చిన్న గేటు పెట్టేయండి, రెండు వారాల్లో గేటు తీసేసినా అది దాటదు, నాటు కుక్కలకి ఇది చెప్పడం చాలా తేలిక. మా అమ్మ గంగని నాలుగు నెలలు అది, ఇది అని పిలిచింది, ఇప్పటికీ ముట్టుకోదు, పూజకి ముందు దాని నీడ కూడా పడనివ్వదు. కానీ మధ్యాహ్నం నేను ఆఫీసు నుంచి ఫోన్ చేస్తే ముందు "గంగమ్మ పెరుగన్నం తిన్లేదు, ఎండకేమో" అని చెప్తుంది, తర్వాతే తన బీపీ మాత్ర సంగతి.

దీపావళి, వినాయకచవితి ఊరేగింపులు దగ్గర్లో ఉంటే అవి అయ్యాక తెచ్చుకోండి, కొత్త ఇంట్లో ఉన్న కుక్కకి టపాకాయలు, డీజేలు మొదటి వారంలోనే వద్దు. మీరిద్దరిలో ఒకరికి నాలుగైదు రోజులు వరసగా సెలవు దొరికే వారం చూసుకోండి. మొదటిసారి వెళ్ళేటప్పుడు పాపని తీసుకెళ్ళకండి, ఆ రోజు తను చూపించిందాన్నే మీరు తెచ్చేస్తారు. ఆదివారం ఎనిమిదింటిలోపు వెళ్ళండి, బకెట్లు బయటికొచ్చే టైం అది, గేటు పక్కన నిలబడి అవి తినడం పూర్తయ్యేదాకా చూసి, గిన్నెలు కడుగుతున్న మనిషి దగ్గరికి వెళ్ళి మాట కలపండి.